సబ్బు ముట్టని నెల

జింకలు ఈనే నెలలో జూలో జింకల్ని చూసుకునే తాత ఒంటికి సబ్బు రాయడు, తలకు నూనె పెట్టడు. "మీ పక్కన కూర్చుంటే జూలో కూర్చున్నట్టే ఉంది," అని భార్య ముక్కు మూసుకుంటే నవ్వి ఊరుకుంటాడు. కొత్త వాసన తగిలితే తల్లి పిల్లను దగ్గరికి రానివ్వదని ఆయన భయం. అందుకే పుట్టిన పిల్లను ముట్టడు. కంచె ఇవతల గొంతుక్కూర్చుని, దాని పొట్ట కదులుతోందో లేదో చూసుకుని వెళ్లిపోతాడు.

నిన్న తల్లి పిల్లను గడ్డిలో దాచి మేతకు వెళ్లింది. తాత నీళ్లతొట్టి కడిగి వచ్చేసరికి, చూడ్డానికొచ్చిన ఒకావిడ కంచె సందులోంచి పిల్లను బయటికి తీసి, సెంటు కొట్టిన చేతిరుమాలుతో తుడుస్తోంది. "పాపం, తల్లి వదిలేసి పోయింది తాతా!" అంటూ ఆయన చేతిలో పెట్టింది. తాత పరుగున వెళ్లి తల్లి పడుకున్న గడ్డి తెచ్చి పిల్ల ఒళ్లంతా రుద్దాడు. తల్లి వచ్చి వాసన చూసి వెనక్కి తిరిగింది. సాయంత్రం దాకా ఎన్నిసార్లు ముందు పెట్టినా అంతే.

ఇవాళ ఆవిడ తన పిల్లల్ని వెంటబెట్టుకొచ్చింది. "ఇదేరా మీ అమ్మ కాపాడిన పిల్ల! తల్లి మళ్లీ వచ్చిందా తాతా?"

సబ్బుతో తెల్లగా కడుక్కున్న చేతుల్తో పాలసీసా పిల్ల నోటికి కాస్త వంచి పట్టుకుని, "లేదమ్మా, మీరన్నట్టే వదిలేసింది," అన్నాడు తాత.