నాయన వేళ్ళకు బూడిద

హిందూపురంలో ఒక బడి గదిలో ఆదివారాలు జీవితకథ రాయడం నేర్పుతారు. నేర్పే టీచరమ్మ పెట్టిన నియమం ఒకటే: మనం రాసింది పక్కవాళ్ళు పైకి చదవాలి, పూర్తయ్యేదాకా మనం నోరు మెదపకూడదు. పెనుకొండ నుంచి బస్సులో వెళ్ళే నాకు ఆ నియమం నచ్చలేదు. ఒకప్పుడు మా ఇంట్లో మేం మాట్లాడితే ఎదుటివాళ్ళు వినేవాళ్ళు. భూములూ, పన్నెండు గదుల ఇల్లూ పోయాక మాకు మిగిలింది ఇంటి పేరు. దాన్ని పుస్తకంలోనైనా నిలబెట్టాలని రాయడం మొదలుపెట్టాను.

మూడో ఆదివారం నా కాగితాలు ధర్మవరం నుంచి వచ్చే ఒక నేతగత్తె చేతికి వెళ్ళాయి. పన్నెండు గదుల గురించిన నాలుగు పేజీలు ఆమె గబగబా చదివేసింది. తర్వాతి పేజీలో నాయన వచ్చాడు. ఆస్తి పోయినా ఆయన తల వంచలేదనీ, భూముల వ్యాజ్యం కోసం ఇస్త్రీ చొక్కాతో రోజూ పొద్దున రైల్లో ధర్మవరం కోర్టుకు వెళ్ళేవాడనీ, సాయంత్రం గుడికి కూడా వెళ్ళి వేళ్ళకు విబూదితో ఇల్లు చేరేవాడనీ రాశాను.

ఆమె ఆగింది. "అన్నా, నొసట ఉండేదా విబూది?"

"లేదు. వేళ్ళకే."

"ఏ వేళ్ళకి?"

బొటనవేలు, చూపుడువేలు చూపించాను.

"గుడికి పోయినోడు నొసట పెట్టుకోకుండా వస్తాడాన్నా? అది పడుగు అతికేవాళ్ళ బూడిద. పోగు జారకుండా పూసుకుంటారు. మీ నాయన మగ్గాలకాడ పనికి పోతాండినట్టుండాది."

"మా వంశంలో ఎవరూ కూలికి పోలేదమ్మా!" లేచి నిలబడ్డాను.

"ఏమప్పా, నోరు మెదపకూడదు కదా! పెద్దింటోళ్ళకు వేరే రూలా?" వెనక నుంచి ఒకాయన అన్నాడు. అందరూ నవ్వారు. ఆమె నవ్వలేదు.

"బుధవారం మా ఇంట్లో అతుకుతారు. వచ్చి చూడన్నా."

ఆమె పొరపాటు పడిందని తేల్చడానికే ధర్మవరం వెళ్ళాను.

నేసిన చీర కోసేశాక మగ్గంలో పాత పడుగు, అంటే నిలువు పోగుల, చివర్లు మిగిలి ఉన్నాయి. వాటికి కొత్త పోగులు ఒక్కొక్కటే అతకాలి. ముడి వేస్తే దువ్వెన పళ్ళలాంటి అచ్చులోంచి దూరదు, అందుకని మెలిపెడతారు. అతికే ముసలాయన పక్కన కొబ్బరి చిప్పలో బూడిద ఉంది. రెండు వేళ్ళు అందులో అద్ది, పాతదాన్నీ కొత్తదాన్నీ పట్టుకుని ఒక్క మెలి తిప్పాడు. అతుకు ఎక్కడుందో కళ్ళజోడు పెట్టుకున్నా నాకు కనిపించలేదు. అట్లా వేల పోగులు. ఒక్కటి తప్పినా చీర పొడవునా కనిపిస్తుందట.

పరాయి ఇంట్లో ఎప్పుడూ నేల మీద కూర్చోనివాణ్ణి, ఆయన పక్కన కూర్చున్నాను. నేనూ ఒక పోగు పట్టుకున్నాను. తెగింది.

"ఏమప్పా, పట్టు అనుకుంటివా, నులక అనుకుంటివా?" అన్నాడు ముసలాయన.

మధ్యాహ్నం పని ఆపి ఆయన గోడకు చేరగిలబడ్డాడు. కళ్ళు మూసుకున్నా వేళ్ళు మాత్రం ఆగలేదు. బొటనవేలు చూపుడువేలి మీద మెలి తిరుగుతూనే ఉంది.

అన్నం తిన్నాక నాయన అరుగు మీద అచ్చం అట్లాగే కూర్చునేవాడు. ఆ వేళ్ళు చూసి మా అవ్వ "నాయన జపం చేసుకుంటాండాడు, అల్లరి చేయొద్దండ్రా" అని మమ్మల్ని అదిలించేది. మేం చేతులు కట్టుకుని దూరంగా నిలబడేవాళ్ళం. కంటికి ఆనని పోగులను పగలంతా కలిపి వచ్చిన చేతులవి. ఆ చేతులతోనే మాకు ముద్దలు కలిపి పెట్టేవాడు. ఆయన జీవించినన్నాళ్ళూ ఆ చేతుల సంగతి నాకు తెలియలేదు.

పన్నెండు గదుల పేజీలు తీసేశాను. కోర్టునూ గుడినీ కొట్టేసి, నాయన ధర్మవరంలో పడుగులు అతికేవాడని రాశాను. ఆ కాగితాన్ని ఆదివారం ఆమె చేతికే ఇచ్చాను. గదిలో అందరికీ వినపడేలా, నిదానంగా చదివింది. నేను నోరు మెదపలేదు.