ఎడమ అరచేయి

కెనడాలోని వాటర్లూలో చదువుకునేటప్పుడు నేను అద్దెకున్న బేస్‌మెంట్ ఒక తెలుగాయన ఇంటిది. రిటైరైన ఇంజనీరు. పైన ఆయన కంప్యూటర్‌కీ, కింద నా లాప్‌టాప్‌కీ ఒకటే ఇంటర్నెట్. పాస్‌వర్డ్ మాత్రం చచ్చినా చెప్పేవాడు కాదు. నా లాప్‌టాప్ తన ఒళ్లో పెట్టుకుని, ఎడమ అరచేత్తో కీబోర్డు కప్పేసి, ఒక్క వేలితో తనే కొట్టేవాడు. పరీక్షలో పక్కవాడు చూస్తాడని పేపరు దాచుకునే పిల్లాడు ఇంతకంటే నయం. కొట్టడం అయ్యాక నవ్వేవాడు. "నువ్వు మా ఇంటి పిల్లవేనమ్మా!" వచ్చిన ప్రతివాళ్ల ముందూ ఇదే పాట.

నాకు వీడియోలో మొదటి ఉద్యోగం ఇంటర్వ్యూ ఉందని ముందురోజే ఆయనకు చెప్పాను. తలమీద చెయ్యి పెట్టి ఆశీర్వదించాడు కూడా. తీరా ఇంటర్వ్యూలో రెండో ప్రశ్నకు జవాబు చెబుతుండగా నెట్ పోయింది. మెట్లెక్కి పరిగెత్తితే పై తలుపుకు తాళం. ఫోన్ చేశాను. ఆయన వెనక గుడి గంటలు మోగుతున్నాయి.

"రౌటర్ ఆఫ్ చేసొచ్చానమ్మా. బయటికెళ్తే లైట్లతో పాటు అదీ ఆపేస్తా. ఇంట్లో ఎవరూ లేరు కదా!"

ఆ మాట నేను ఆ ఇంట్లోనే, ఆయన వేసిన తాళం ముందు నిలబడి విన్నాను.