కిటికీ వెలుగులో రెండు ఫిల్ములు

నౌబాద్‌లో మా ముందు గదిలో అద్దెకున్న ల్యాబు సారు అనగానే, కిటికీ దగ్గర రెండు చేతులూ పైకెత్తి నిలబడ్డ మనిషే గుర్తొస్తాడు. ఆ చేతుల్లో ఎప్పుడూ నల్లటి ఫిల్ములు ఉండేవి. ఒకదాని మీద ఒకటి పెట్టి, వెలుగుకి పట్టి చూసేవాడు. అప్పుడు పిలిస్తే పలికే మనిషి కాదు.

అవి ఆయన ఛాతీ ఎక్స్‌రేలని అమ్మ నమ్మింది. రోజూ చూసుకుంటున్నాడంటే క్షయే అనుకుని, ఆయనకు చాయ్ గ్లాసు వేరుగా పెట్టింది. ఆయన దాన్ని తానే కడిగి, గడప బయట బోర్లించి పోయేవాడు. ఎందుకని ఒక్కసారీ అడగలేదు. అది తనకు అలవాటే అన్నట్టుండేవాడు.

చివరికి అమ్మే ఉండబట్టలేకపోయింది. "దవాఖానకు పోతున్నవా అయ్యా? ఛాతీల ఎట్లుంది?"

సారు చాలాసేపు నవ్వాడు. "ఇవి నావి కావక్కా. దోమ కుడితే వచ్చే జ్వరాలవి."

ఆ జ్వరం తెచ్చే వైరస్‌కు లోపల జన్యు గుర్తులుంటాయట. ల్యాబులో వాటిని విడదీస్తే ఫిల్ము మీద చుక్కలుగా కనిపిస్తాయట. చిమ్కోడ్ ఊరి జ్వరం చుక్కలు వేరే ఊరి జ్వరం చుక్కలతో కలిస్తే రెండూ ఒకే వంశం. అప్పుడు అది ఎటు నుంచి వచ్చిందో తెలుస్తుందని చెప్పాడు.

అమ్మ ఆ గ్లాసు తెచ్చి మా గ్లాసుల్లో కలిపేసింది. చాయ్ పోస్తూ, "మరి నువ్వు ఎవరింటి బిడ్డవయ్యా? నీ కాడికి ఒక్కరన్న రారు" అంది.

సారు ఒక్క ఫిల్మును వెలుగుకి పట్టాడు.

"నన్ను పసిగుడ్డప్పుడే ఎవరో హాస్టల్ గేటు కాడ ఇడిచిపోయిన్రక్కా. మీద పెట్టి కలుస్తదా అని చూసెటందుకు నాకు రెండో ఫిల్ము లేదు."