‘తెలియదు’ అన్న మా మేడమ్

మా మేడమ్ పోయారన్న కబురు వచ్చేసరికి నేను రాయపూర్ పండరీ బట్టల బజారులో కర్టెన్ గుడ్డ చూస్తున్నాను. ఆవిడ తమ్ముడు ఫోన్ చేశాడు. “అక్క సుబే, తెల్లారేసరికే పోయిందమ్మా, నిద్దట్లోనే.” గుడ్డ అక్కడే వదిలేసి బయటికొచ్చాను. అప్పటి నుంచి ఒకచోట నిలవలేకపోతున్నాను. ఈ నాలుగు మాటలూ మధ్యమధ్య లేచి, గదంతా తిరిగొచ్చి రాస్తున్నవే.

దేవేంద్ర నగర్‌లో చిన్న ఆఫీసు మాది. కంప్యూటర్ల మధ్య డేటాను చేరవేసే నెట్‌వర్క్ రౌటర్లకు సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లం. మేడమ్ మా అందరికీ పెద్ద. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన రైల్వే కుటుంబం వాళ్లది. ఆఫీసులో తెలుగు మా ఇద్దరికే. కొంగు నడుముకు దోపుకుని, నిలబడే కోడ్ చదివేవారు. టీ పక్కన చల్లారిపోయేది. చల్లారాకే తాగేవారు.

యంత్రాన్ని నడిపే కెర్నెల్‌కు ఒక మెమరీ, మామూలు ప్రోగ్రాములకు వేరే మెమరీ. ప్రోగ్రాముల వైపు నుంచి వచ్చేదాన్ని పరీక్షించకుండా వాడకూడదు, కెర్నెల్ నుంచి వెళ్లేదాన్ని చూడకుండా పంపకూడదు. మా కష్టమంతా అక్కడే. “అడిగిందే ఇవ్వమ్మా. అడగంది పొరపాటున కూడా బయటికెళ్లకూడదు” అనేవారు. నేను విసుక్కుంటే, “గుస్సా అవు, కానీ ఇంకోసారి చూడు” అనేవారు.

ఒక వానాకాలం, నయా రాయపూర్‌లో ఒక ఆస్పత్రివాళ్లు మా రౌటర్లు పెట్టి చూస్తున్నారు. మేడమ్ ఆఫీసు నుంచే ఒకదాన్ని పరీక్షిస్తున్నారు. ఎంత డేటా వెళ్లిందని ఒక చిన్న ప్రోగ్రాము అడిగితే కెర్నెల్ జవాబిచ్చింది. ఆ జవాబు చివర, మేం నింపకుండా వదిలేసిన చోట, అంతకుముందు ఆ మెమరీలో ఉన్న ముక్క అలాగే వచ్చేసింది. ఎవరో ఆడమనిషి పేరు, పక్కనే రక్తపరీక్ష మాట.

కంపెనీ యజమాని చూసి తేలిగ్గా తీసుకున్నాడు. “కౌన్ దేఖేగా, మేడమ్?” ఎవరు చూస్తారు, సరిచేసి పెట్టేద్దాం, ఆస్పత్రికి చెప్పక్కర్లేదన్నాడు.

“మైనే దేఖ్ లియా, నేను చూశానుగా” అన్నారావిడ. నా వైపు తిరిగి, “చలో అమ్మా, బండి తియ్” అన్నారు.

ఆస్పత్రిలో కంప్యూటర్లు చూసే అధికారి అంతా విని, హిందీలో ఒక్కటే అడిగాడు. “ఇది ఎవరి చేతికైనా చేరిందా?” ‘లేదు’ అనేస్తే సరిపోయేది. మేడమ్ “నహీఁ మాలూమ్” అన్నారు.

ఆ అధికారి రౌటర్లన్నీ ఆ రోజే తీయించాడు. యజమాని చాలాకాలం ఆవిడతో మాట్లాడలేదు. సరిచేసినవాటిని ఆస్పత్రివాళ్లు తర్వాత మళ్లీ పెట్టుకున్నారు. ఆ పేరు ఇంకెవరైనా చూశారో లేదో మాత్రం తేలలేదు. అది ఆవిడను కుదురుగా ఉండనివ్వలేదు. ఏదో పనిలో ఉండి హఠాత్తుగా, “పాపం, ఆవిడెలా ఉందో” అనేవారు. కెర్నెల్ నుంచి పంపే ప్రతి జవాబు చోటునూ ముందు సున్నాలతో నింపి, పాత ముక్కలు చెరిగాకే అసలు జవాబు రాయడం నాకు ఆవిడ నేర్పిన అలవాటు.

ఆ రోజు ఆస్పత్రి నుంచి తిరిగొస్తుంటే వాన పట్టుకుంది. నయా రాయపూర్ వెడల్పాటి రోడ్డు మీద మనిషన్నవాడు లేడు. బండి పక్కన పెట్టి బస్టాపు కింద నిలబడ్డాం. లైట్లు వేసుకుని ఖాళీ బస్సొకటి వచ్చి ఆగింది. తలుపు తెరుచుకుంది. మేం ఎక్కుతామేమోనని డ్రైవరు చూశాడు. కాసేపటికి తలుపు మూసుకుని బస్సు కదిలింది. తల మీద కొంగు కప్పుకుని, “ఆ పేరు ఎక్కడిదాకా వెళ్లిందో” అంటూ మేడమ్ వానలోకి వెళ్లి నిలబడ్డారు. బస్సు వెనక ఎర్రదీపాలు సన్నబడి, నీటిలో కలిసిపోయేదాకా చూస్తూనే ఉన్నారు.