ఏడు జతల సాక్సులు

రక్తం శాంపిళ్ల డబ్బాను బండి వెనక కట్టుకుని, ఏడు క్లినిక్కులు తిరిగి, పోగైనవన్నీ ల్యాబులో అప్పగించడం ఆయన పని. అందుకే అందరికీ డబ్బా బాబాయ్. పద్దెనిమిదేళ్లుగా కాలికి బలపం కట్టుకుని తిరుగుతున్నా, డబ్బాలోకి ఒక్క వాన చుక్క పోనివ్వలేదు. ఆ శ్రద్ధలో పావు వంతు తన కాళ్ల మీద పెట్టి ఉంటే నాకీ కథ చెప్పే పని ఉండేది కాదు.

బాబాయికి షుగరు. పాదాలకు స్పర్శ పోయింది. "వేళ్ల సందుల్లో తడి నిలిస్తే పుండు పడుతుంది. మీకు నొప్పి కూడా తెలీదు. కాలికే ఎసరు, జాగ్రత్త" అని డాక్టరమ్మ ముందే హెచ్చరించింది. అందులోనూ ఎడం కాలు, గేర్లు వేసే కాలు. అది పోతే బండి లేదు, బండి లేకపోతే ఉద్యోగమూ లేదు.

వానాకాలమని పేరే గానీ, ఉక్క మాత్రం ప్రాణం తీస్తుంది. చెప్పులేసుకుంటే రోడ్డు మీది బురదంతా కాళ్ల మీదే. బూట్ల మీద కట్టుకున్న పాలిథిన్ సంచులు రెండో వీధికే చిరిగిపోయాయి. చివరికి రబ్బరు బూట్లు కొని, "చుక్క పోతే ఒట్టు!" అని మురిసిపోయాడు. సాయంత్రం బూటు వంపితే నీళ్లు కారాయి. వాన కాదు మహానుభావా, చెమట! బయటి తడిని రానివ్వని బూటు లోపలి తడిని పోనిస్తుందా?

దారి చూపింది పిన్ని, అంటే బాబాయి భార్య. రెడీమేడ్ దుస్తుల కంపెనీలో మిషను కుడుతుంది. ఏడు జతల నూలు సాక్సులు తెచ్చి, "క్లినిక్కుకో జత. ఆగిన చోటల్లా బూటు విప్పి, తుడుచుకుని, పొడివి వేసుకోండి. మీకు పుణ్యముంటుంది" అని సంచిలో పెట్టింది. సాయంత్రం తడి జతలు లెక్కపెట్టుకుని, ఉతికి, ఈ వానలో ఆరవు కాబట్టి ఒక్కొక్కటీ ఇస్త్రీపెట్టెతో ఆరబెట్టేది. పగలంతా కుట్టి కుట్టి అప్పటికే ఆవిడ భుజం లాగేస్తూ ఉండేది.

పది రోజులు గడిచాయో లేదో, ల్యాబు మేనేజరు పిలిచాడు. "రోజూ అరగంట ఆలస్యం బాబాయ్. శాంపిళ్లు పాడైతే ఎవరిది పూచీ? ఇంకొక్కసారి లేటైతే డబ్బా వేరేవాళ్లకిస్తా."

ఆ రోజు నుంచి బాబాయ్ దారిలో బూటు విప్పలేదు. పిన్నికి చెబితే ఊరుకుంటుందా? పని మానిపించేదాకా నిద్రపోదు. అందుకని ఏం చేశాడయ్యా అంటే, ఇంటికెళ్లే ముందు వీధి చివర కుళాయి దగ్గర ఆగి, సంచిలో మిగిలిన ఆరు పొడి జతల్నీ తనే తడిపి, పిండి, మళ్లీ సంచిలో వేసేవాడు. పాదాలు తుడిచి పౌడరు కొట్టేవాడు. ఆ తెలివి తగలెయ్య! చిటికెన వేలి పక్కన నల్లమచ్చ కనబడితే బురదేలే అనుకుని ఇంకాస్త పౌడరు చల్లాడు. పిన్ని ఏడు జతలూ లెక్క చూసుకుని, "నా మాట విన్నారు, అదే పదివేలు" అని సంబరపడేది.

మూడు వారాలకు క్లినిక్కులో డాక్టరమ్మ ముక్కు ముడిచింది. "ఏమిటీ వాసన? బూటు విప్పండి."

విప్పాడు. ఆవిడ వెంటనే పెద్దాసుపత్రికి ఫోను చేసింది. మర్నాడు పొద్దున్నే ఎడం పాదం ముందు సగం తీసేశారు. డబ్బాను ఓ ఆటో డ్రైవరుకు అప్పగించామని మేనేజరు కబురు పంపాడు.

మంచం పక్కన పిన్ని ఆయన మోకాలి మీద చెయ్యి వేసి కూర్చుంది. ఏడ్చి ఏడ్చి కళ్లు వాచిపోయాయి.

"నా వల్లేనండీ. సరిగ్గా ఆరకుండానే పెట్టేసుంటాను. చేత్తో పట్టుకు చూస్తే పొడిగానే ఉండేవి. లోపల తడి ఉండిపోయిందేమో."

బాబాయ్ ఆ నింద ఆవిడ నెత్తిన ఉంచి ఊరుకోలేకపోయాడు.

"నువ్వు బాగానే ఆరబెట్టావే. నేనే మార్చుకోలేదు. ఇంటికొచ్చే ముందు కుళాయి కింద నేనే తడిపేవాణ్ణి."

పిన్ని కట్టు కట్టిన కాలి వంక చూసింది.

"రోజూనా?" అంది.

"రోజూ."

ఆవిడ మోకాలి మీది చెయ్యి తీసేసి, తన భుజం పట్టుకుని కూర్చుంది.