పదకొండోసారి

చివరి రోజు పొద్దున టేపు మామ ఒంటికాలి మీద నిలబడి సూదిలో దారం ఎక్కించాడు. ఎక్కించి, "ఒక్క గురికే! చూశావా?" అని మెట్ల కిందికి అరిచాడు.

"ఇక్కణ్ణుంచి ఎలా కనబడుతుంది నాన్నా? ముందు ఆ కాలు దించు," అంది కూతురు.

దించాడు. ఒక చొక్కాకి గుండీలు కుట్టాడు. మధ్యాహ్నం కునుకు తీశాడు. అందులోంచి లేవలేదు.

మెడలో ఎప్పుడూ కొలతల టేపు వేలాడుతుండేది కాబట్టి వీధంతా ఆయన్ని టేపు మామ అనేది. కుట్టుషాపు మేడ మీద. పద్నాలుగు మెట్లు. అంతకు రెండేళ్ల ముందు ఆ మెట్ల మీదే జారిపడి తుంటి నొప్పితో నెలరోజులు మంచం పట్టాడు. కూతురు షాపుకి తాళం వేసి, తాళంచెవి కొంగున ముడేసుకుంది. కాళ్లలో సత్తువ ఉందని ఫిజియోథెరపీ అమ్మాయి చెబితేనే ఇస్తానంది.

ఆ అమ్మాయి పరీక్ష చాలా తేలికగా వినిపించింది. చేతులు గుండెల మీద కట్టుకుని, ముప్ఫై సెకన్లలో కుర్చీలోంచి ఎన్నిసార్లు లేచి నిలబడితే అంత. గోడ మీది వయసుల పట్టిక చూసి, "డెబ్బై ఎనిమిదన్నారు కదా తాతగారూ, పదకొండు రావాలి. వచ్చే సోమవారం చూద్దాం."

టేపు మామ షాపులోని స్టూలు కిందికి తెప్పించి వారమంతా సాధన చేశాడు. లెక్కపెట్టే పని పక్కింటి ఇస్త్రీ బావది.

"ఆరు, ఏడు, తొమ్మిది..."

"ఎనిమిదేది బావా?"

"అది నీ మీద అభిమానం."

అభిమానం తీసేసినా పదహారు వచ్చాయి. సోమవారం ఆసుపత్రిలో మాత్రం పది వచ్చాయి. పదకొండోసారి సగం లేచి, మోకాళ్లు వంగే ఉండగా గంట మోగింది. ఆయన చెమటైనా తుడుచుకోలేదు, మెడలోని టేపు లాగి కుర్చీని కొలిచాడు.

"పదిహేడంగుళాలు! నా స్టూలు ఇరవై రెండు. పొట్టిది నీ కుర్చీయేనమ్మా, నాలో లోపం లేదు."

"ఆ కుర్చీ అందరికీ ఒకటే తాతగారూ."

"అందరికీ ఒకే కొలతా? నా షాపులో అలా కుడితే చొక్కాలు మొహాన కొడతారు!"

మరుసటి సోమవారం ఆయన చంకలో ఒక దిండు పెట్టుకుని వచ్చాడు. "మొలలమ్మా," అన్నాడు రహస్యంగా, గది మొత్తానికీ వినబడేలా. ఆ అమ్మాయి దిండు అందుకుని చూసింది. గుడ్డపీలికలు కూరి కూరి రాయిలా చేశాడు.

"మొలలకి సరిగ్గా ఐదంగుళాలే కావాలా?"

కూతురు సిగ్గుతో చచ్చిపోయింది. వీధిలోకి రాగానే మాత్రం నవ్వు ఆపుకోలేక కరెంటు స్తంభం పట్టుకుంది. "నవ్వు, నవ్వు. తాళం మాత్రం ఇవ్వకు," అని ఆయన మూతి ముడిచాడు.

ఆ ఆదివారం సుద్దతో గీత గీసి స్టూలు కాళ్లు ఒక్కో అంగుళం కోసేశాడు. "ప్యాంటు పొడవు తగ్గించినట్టే," అన్నాడు. ఎత్తు తగ్గగానే లెక్క పడిపోయేది, వారం తిరిగేసరికి మళ్లీ లేచేది, లేవగానే ఇంకో అంగుళం. ఒకసారి ఒక కాలు ఎక్కువ తెగి స్టూలు ఊగితే, ఇస్త్రీ బావ కింద అట్టముక్క పెట్టి, "దీనికీ ఫిజియోథెరపీ కావాలి బావా," అన్నాడు. మూడు నెలలు ఇంట్లో మోకాళ్ల టకటక, రంపం గరగర. పొద్దున్నే ఆ చప్పుళ్లు వినబడకపోతే కూతురికి భయం వేసేది.

చివరికి పదమూడు వచ్చాయి. "పదమూడోది కొసరు," అన్నాడు ఫిజియోథెరపీ అమ్మాయితో. కూతురు అక్కడే కొంగు ముడి విప్పింది.

ఆ సాయంత్రం పొట్టి స్టూలు భుజాన వేసుకుని పద్నాలుగు మెట్లూ ఎక్కి, కుట్టుమిషన్ ముందు దర్జాగా కూర్చున్నాడు. మిషన్ గడ్డానికి తగిలింది. తండ్రీకూతుళ్లు నేల మీద కూలబడి కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వారు. మిషన్ కాళ్లు కూడా కోస్తాడేమోనని ఆమె రంపం దాచేసింది.

ఆయన పోయాక మరణ ధ్రువీకరణ పత్రం కోసం పాత కాగితాలు వెతికితే బడి సర్టిఫికెట్ దొరికింది. అందులో పుట్టిన సంవత్సరం ఆయన చెప్పినదానికంటే ఐదేళ్లు ముందుంది. పెళ్లిచూపుల్లో తగ్గించాడో, అద్దం ముందు తగ్గించాడో, ఇస్త్రీ బావకి కూడా తెలియదు. ఆయన జారిపడ్డప్పుడు ఆసుపత్రి వాళ్లిచ్చిన వాకర్ తిరిగి ఇచ్చేయడానికి ఆసుపత్రికి వెళ్లినప్పుడు, ఆమె గోడ మీది పట్టికలో ఆయన అసలు వయసు వరుస వెతికింది.

ఎనభై దాటినవాళ్లకి పది చాలు.