అప్పయ్యతో వాకింగ్

మొన్న పొద్దున వాకిట్లో ముగ్గు వేస్తుంటే, మా వీధిలోకి కొత్తగా వచ్చిన అమ్మాయి ఒకతి కుక్కను నడిపించుకుంటూ పోతోంది. నడిపించుకుంటూ అనడం మర్యాదకు మాత్రమే. నిజానికి కుక్కే ఆ అమ్మాయిని ఈడ్చుకుపోతోంది. మలుపులో ఇంకో కుక్క కనబడగానే ఆ పిల్ల గిరుక్కున తిరిగి ఎదురింటి కారు వెనక్కి దూరింది. కుక్కను మోకాళ్ళ మధ్య అదిమిపట్టుకుని, ఊపిరి బిగబట్టి కూర్చుంది. నాకు నవ్వొచ్చింది, ఆ వెంటనే కళ్ళలో నీళ్ళూ వచ్చాయి. మా కాడుగోడిలో ఏ కారు వెనక ఎంత చోటుంటుందో నాకు తెలిసినంతగా ఆ కార్లు కొన్నవాళ్ళకు కూడా తెలియదు. ఒకప్పుడు ఏడాది పైగా నేను వాటి వెనకే బతికాను.

మావాణ్ణి ఇంటికి తెచ్చింది మా అమ్మాయి. దానికి బ్రూక్‌ఫీల్డ్‌లో ఉద్యోగం, అవి ఇంట్లోనే కూర్చుని పనిచేసే రోజులు. తోడుగా ఉంటాడని ఒళ్ళో పట్టేంత కుక్కపిల్లను అట్టపెట్టెలో పెట్టుకొచ్చి, ఏదో ఇంగ్లీషు పేరు పెట్టింది. ఆ పేరు మా అత్తగారికి నోరు తిరగలేదు, తిప్పాలని ఆమె ప్రయత్నించనూ లేదు. మొదటిరోజే "అప్పయ్యా" అని పిలిచింది, వాడు దానికే పలికాడు. తర్వాత అమ్మాయి ఉద్యోగం పూనాకు మారింది, అక్కడి హాస్టల్లో కుక్కల్ని రానివ్వరు, వాడు మాకు మిగిలాడు. ఏడాది తిరిగేసరికి దూడంత అయ్యాడు. ఇంట్లో వాడంత బుద్ధిమంతుడు లేడు. మిక్సీ తిరిగితే మంచం కిందికి దూరేవాడు, మధ్యాహ్నం అత్తగారి పాదాల మీద గడ్డం ఆనించి గుర్రుపెట్టేవాడు. గేటు దాటాడంటే మాత్రం పూనకమే. ఇంకో కుక్క కనబడినా, వీపున పెద్ద సంచీతో డెలివరీ కుర్రాడు స్కూటర్ మీద పోయినా, రెండు కాళ్ళ మీద లేచి వీధి దద్దరిల్లేలా అరిచేవాడు. మా ఆయనకు మోకాళ్ళ నొప్పులు, కాబట్టి పట్టీ నా చేతికే వచ్చింది. కొంగు నడుముకు బిగించి, ఇష్టదైవాలందరినీ తలుచుకుని గేటు తీసేదాన్ని. తిరిగొచ్చేసరికి నా తలప్రాణం తోకకొచ్చేది, వాడి తోక మాత్రం హాయిగా ఊగుతూ ఉండేది.

వీధిలోవాళ్ళు చాలా రోజులు ఓర్చుకున్నారు. ఒకనాడు వాడి అరుపుకు జడిసి ఒకావిడ చేతిలోని పాలగిన్నె జారవిడిచింది. ఆ సాయంత్రం ఎదురింటి పెద్దాయన ఇంకో ఇద్దరితో కలిసి మా వాకిట్లోకి వచ్చాడు. "ఏమమ్మా, మీ అప్పయ్య మంచోడే అనుకుందాము. కానీ పిల్లోళ్ళు తిరిగే వీధి ఇది. స్వల్ప నేర్పించుకోండి. రేపు ఎవరికన్నా దెబ్బ తగిలిందంటే వాణ్ణి ఈడ పెట్టుకునేదానికి అయ్యేదిల్ల, పంపించేయాల్సిందే" అన్నాడు. కన్నడం కలిసిన ఆయన మాటలో కోపం లేదు, అందుకే నాకు మరీ భయమేసింది. అత్తగారు లోపలినుంచి వచ్చి వాడి మెడ చుట్టూ చెయ్యేసి కూర్చుంది. వాడు లేకపోతే ఆమె మధ్యాహ్నాలు ఎలా గడుస్తాయో ఊహించడం కూడా నాకు కష్టమైంది.

కె.ఆర్.పురం నుంచి బండి మీద ఒక ట్రైనర్ రావడం మొదలుపెట్టాడు. మావైపు అబ్బాయే, సౌమ్యుడు. "మేడమ్, వీనికి కోపం కాదు, భయం. రియాక్టివ్ అంటారు. ఇంకో కుక్క దూరంగా కనపడతానే, వీడు అరవకముందే చికెన్ ముక్క నోట్లో పెట్టాల. కుక్క కనపడితే మంచిదే జరుగుతాదని మైండ్‌లో ఫిక్స్ కావాల. అయితే మేడమ్, వాకింగ్‌కి ఆకలి మీద తీసుకురావాల" అన్నాడు. గడపలో కూర్చున్న అత్తగారు అంతా విని, లేచి లోపలికి పోయింది. శనివారం నీసు ముట్టని మా ఇంట్లో శనివారం కూడా కోడి ఉడకసాగింది. నడుముకు ముక్కల సంచీ కట్టుకుని నేను వీధిన పడ్డాను.

ఫలితం సున్న. ముక్క ముక్కు దగ్గర పెడితే వాడు మర్యాదగా మొహం తిప్పుకునేవాడు, ఆ వెంటనే ఎదుటి కుక్క మీదికి ఎగిరేవాడు. ట్రైనర్ చికెన్ మార్చమన్నాడు, పట్టీ మార్చమన్నాడు, దారి మార్చమన్నాడు. అన్నీ మార్చాను, వాడొక్కడే మారలేదు. వేరేవాళ్ళ కుక్కలు బుద్ధిగా పక్కన నడుస్తుంటే చూసి కడుపు మండేది. ఎన్నోసార్లు ఎవరిదో కారు వెనక కూర్చుని, వాడి మెడలో మొహం పెట్టి ఏడ్చాను. నాకు చేతకాదని, వీణ్ణి నిలబెట్టుకోలేనని తెలిసిపోతూనే ఉంది. వాడు మాత్రం నా చెంపలు నాకుతూ, నా భుజం మీదుగా ఇంకో కుక్క కోసం వెతికేవాడు.

ఒక పొద్దున సంచీ మరచిపోయి గేటు దగ్గరినుంచి వెనక్కి వచ్చాను. పెరటి గుమ్మంలో అత్తగారు స్టీలు గిన్నెలో రాగిముద్ద పెరుగు కలిపి పెడుతోంది, వాడు గిన్నె అడుగు నాకేస్తున్నాడు. ఆ తినడం చూస్తే అది ఒకనాటి వ్యవహారం కాదని అర్థమైంది. నేను నోరు తెరవకముందే ఆమె, "పరగడుపున గడప దాటించేది నా ఇంట్లో లేదు. మనిషైతేనేమి, కుక్కైతేనేమి?" అంది. నిజమే, మా ఇంట్లో ఆ ఆచారం ఆమె పెట్టిందే. మా మామగారు ఒకనాడు ఏదో మాటా మాటా వచ్చి, చేసిన దోసె ముట్టకుండా పనికి పోయారట. మధ్యాహ్నానికి ఆయన్ను నలుగురు మోసుకొచ్చారు. అప్పటినుంచి పొద్దున మా గడప తొక్కినవాళ్ళెవరూ ఏదో ఒకటి నోట్లో పడకుండా వెళ్ళలేదు. గ్యాస్ సిలిండర్ తెచ్చేవాడు కూడా నిలబడే దోసె తిని పోయేవాడు. నేను ఆమె ఎదురుగా చతికిలబడి, "వాడు నేర్చుకోకపోతే వీధిలోవాళ్ళు ఉండనియ్యరు అత్తా" అన్నాను. ఆమె ఖాళీ గిన్నె తీసి ఒళ్ళో పెట్టుకుంది. "వాడు ఉండేదే ముఖ్యం గదా. తిరిగొచ్చినాకే పెడతాలే" అంది. ఆ మాట అనడానికి ఆమెకు ఎంత కష్టమైందో నాకు తెలుసు.

ఆ తర్వాత నిజంగానే మార్పు వచ్చింది. ఒకరోజు ఇస్త్రీ బండి కింద పడుకున్న ఎర్రకుక్కను చూసి, అరవకుండా, వాడు తల తిప్పి నా మొహంలోకి చూశాడు. చికెన్ ఏదీ అని అడగడమే అది, కానీ నాకు మాత్రం కన్నబిడ్డ మొదటి మాట విన్నట్టయింది. ఇంటికి పరుగున వచ్చి చెబితే అత్తగారు వాడికి దిష్టి తీసింది. దిష్టి పోలేదు. మరి కొన్నాళ్ళకే ఆగి ఉన్న ఆటో వెనకనుంచి రెండు వీధికుక్కలు ఒక్కసారిగా మీదికి వచ్చాయి. వాడు ఎగిరాడు, నేను బోర్లా పడ్డాను, భుజం జారింది, పట్టీ చేతిలోంచి పోయింది. బేకరీ నుంచి బ్రెడ్డు పట్టుకుని వస్తున్న ఎదురింటి పెద్దాయన, దూసుకొస్తున్న వాణ్ణి చూసి బెదిరి వెనక్కి పడ్డాడు. వాడు ఆయన్ను తాకను కూడా లేదు. అయినా ఆయన మణికట్టు విరిగింది. కట్టుకట్టిన చేతితోనే మా ఇంటికి వచ్చి, "మీ మీద బేజారు లేదమ్మా. చెప్పినాము గదా" అన్నాడు.

శ్రీనివాసపురం దగ్గర మా ఆయన బంధువులకు మామిడితోట ఉంది, వాణ్ణి అక్కడికి పంపాలనుకున్నాం. అక్కడ పట్టీ అక్కర్లేదు, స్వేచ్ఛగా తిరుగుతాడని ఒకరికొకరం చెప్పుకున్నాం. వ్యాను అనుకున్నదానికంటే ముందే వచ్చింది. అత్తగారు అప్పుడే ముద్ద దించి, పెరుగు కలిపి, గిన్నె పట్టుకుని గేటు దగ్గరికి వచ్చింది. డ్రైవరు, "ఏమీ పెట్టొద్దవ్వా, బండిలో కక్కుకుంటాడు. పోయినాక ఆడ పెడతారులే" అని తలుపు వేసేశాడు. ఆమె నా వైపు చూసింది. నేను భుజానికి కట్టుతో నిలబడి ఉన్నాను, తలుపు తెరవమని అనలేదు. అద్దంలోంచి వాడు కూడా అరవలేదు, గిన్నెనే చూస్తున్నాడు. వ్యాను మలుపు తిరిగాక కూడా ఆమె ఆ గిన్నెను రెండు చేతులతో పట్టుకునే ఉంది.

వారం తిరక్కముందే తోటనుంచి ఫోన్ వచ్చింది. వాడు కంచె దూకి పోయాడట. చుట్టుపక్కల తోటలన్నీ వెతికారు, మా ఆయన నొప్పి కాళ్ళతో రెండుసార్లు వెళ్ళి వచ్చాడు, దొరకలేదు. అత్తగారు నన్ను ఒక్క మాట అనలేదు, అని ఉంటే బాగుండేది. రోజూ పొద్దున ఆ గిన్నె కడిగి పెరటి గుమ్మంలో బోర్లించేది. మరుసటి ఏడు ఆమె పోయేవరకూ అది అలాగే సాగింది.

కారు వెనకనుంచి లేచిన ఆ అమ్మాయి నన్ను చూసి సిగ్గుపడింది. "పొద్దున దానికి ఏమన్నా పెట్టినావామ్మా?" అని అడిగాను. "లేదు ఆంటీ, ట్రైనింగ్ నడుస్తోంది, హంగ్రీగా ఉండాలి కదా" అంది. సరిగ్గానే చేస్తున్నావని చెప్పి లోపలికి వచ్చాను. ఆ పిల్ల చేస్తున్నది సరైనదేనని నాకు బాగా తెలుసు. అయినా చేతులు వాటంతటవే స్టీలు గిన్నె కోసం వెతికాయి. ఎన్నో ఏళ్ళు తినీ తాగీ మా గడప దాటి వెళ్ళిపోయాయి గానీ, వాణ్ణి వ్యానెక్కించిన ఆ ఒక్క పొద్దు మాత్రం ఇంకా పరగడుపునే గేటు దగ్గర నిలబడి ఉంది.